బ్రిడ్జి క్యాంపులు (రంగారెడ్డి – మేడ్చల్ ప్రాంతం)

పనిలో ఉన్న పిల్లలను, బడి మధ్యలో మానేసిన పిల్లలను కొన్ని నెలలపాటు ఒకచోట ఉంచి, చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో ప్రభుత్వ బడిలో చేర్పించే నివాస శిబిరాలను బ్రిడ్జి క్యాంపులంటారు. 1991 తర్వాత అప్పటి రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ (ఎం.వి. ఫౌండేషన్) వీటిని పెద్ద ఎత్తున నడిపింది. ఈ ఉద్యమం గురించి రాసినప్పుడల్లా స్థాపకుల పేర్లు, వారికి వచ్చిన పురస్కారాలు ముందుకొస్తాయి. అందులో తప్పులేదు. కానీ శిబిరాలను నిలబెట్టింది ఆ ఊళ్ళలోనే పుట్టి, పదో తరగతో ఇంటరో చదివిన యువతీ యువకులు. వారిలో చాలామంది తమ ఇళ్ళలో మొట్టమొదట అక్షరం నేర్చినవారు. ఆ పని చరిత్రలో వారికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

ప్రాంతం

హైదరాబాదుకు ఉత్తరాన, దుండిగల్ దారిలో ఉన్న బహదూర్‌పల్లి 2016 దాకా రంగారెడ్డి జిల్లా కుత్బుల్లాపూర్ మండలంలోని గ్రామం. ఆ ఏడాది జిల్లాల పునర్విభజనలో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. 2018లో దుండిగల్ పురపాలక సంఘంలో కలిసింది. టెక్ మహీంద్రా ప్రాంగణం, 2020లో ఏర్పడిన మహీంద్రా విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నాయి. కాస్త తూర్పుకు వెళితే శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం కనిపిస్తాయి. దేశం నలుమూలల నుంచి చదువుకోవడానికి పిల్లలు వచ్చే ఇదే మట్టిమీద, చదువు అందని పిల్లల కథ కూడా నడిచింది. నేటికీ నడుస్తోంది.

1978లో హైదరాబాదు జిల్లాను విడదీసి రంగారెడ్డి జిల్లాను ఏర్పాటు చేశారు. నగరాన్ని చుట్టూ కమ్ముకొని ఉన్న ఈ జిల్లాలో ఒక పక్క జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడలు, మరో పక్క శంకర్‌పల్లి, చేవెళ్ళ వంటి పూర్తి వ్యవసాయ మండలాలు ఉండేవి. బ్రిడ్జి క్యాంపుల ఉద్యమం ఆ పడమటి మండలాల్లో పుట్టి, అక్కడి నుంచి ఇతర ప్రాంతాలకు పాకింది.

పూర్వరంగం

బడికి దూరంగా ఉంచిన పిల్లల కోసం సొంత సమాజంవారే బడులు పెట్టుకోవడం ఈ నేలకు కొత్త కాదు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డివర్మ (1888–1939), 1910 ప్రాంతం నుంచి హైదరాబాదులో దళిత పిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడులు తెరిచారు. అవి క్రమంగా పాతిక దాకా పెరిగాయి. దేవదాసీ ఆచారానికీ బాల్యవివాహాలకూ వ్యతిరేకంగా నడిచిన ప్రచారమూ ఈ బడులూ ఒకే పనిలో భాగాలు. పిల్లను బడిలో కూర్చోబెట్టాలంటే ముందు ఇంట్లో, వాడలో మార్పు రావాలని వర్మ బృందం గ్రహించింది. ఎనభై ఏళ్ళ తర్వాత శంకర్‌పల్లి కార్యకర్తలు అడుగు పెట్టింది కూడా ఇదే తోవలో.

పల్లెల్లో పరిస్థితి వేరు. నిజాం రాజ్యంలో అప్పుకు బదులు మనిషి దొర ఇంట జీతం ఉండే భగేలా పద్ధతి బలంగా ఉండేది. దాన్ని అదుపు చేయడానికి 1936లో ఒక శాసనం వచ్చినా ఊళ్ళో పెద్దగా మారింది లేదు. స్వాతంత్ర్యం తర్వాత 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారు దాన్ని కాగితం మీద నుంచి ఊళ్ళోకి తెచ్చారు. 1980లలో హైదరాబాదు విశ్వవిద్యాలయ రాజనీతి శాస్త్ర అధ్యాపకురాలు శాంతా సిన్హా, శ్రామిక విద్యాపీఠం పనిమీద ఈ జిల్లా గ్రామాల్లో తిరిగారు. వెట్టి నుంచి విడిపించవలసినవారిలో పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారని ఆమెకు అప్పుడే అర్థమైంది. తండ్రి అప్పు చేస్తే కొడుకు పటేలింట పశువులు కాయడం, తల్లి కూలికి పోతే కూతురు ఇంటి దగ్గర చంటిపిల్లను చూసుకోవడం. మొదటిదానికి కనీసం వెట్టి అన్న పేరుంది. రెండోదాన్ని పని అని కూడా ఎవరూ అనలేదు.

1991 జనాభా లెక్కల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 16.6 లక్షల మంది బాలకార్మికులు తేలారు. దేశంలో ఏ రాష్ట్రంలోనూ అంతమంది లేరు. ఆ లెక్కల ప్రకారమే రాష్ట్ర స్త్రీల అక్షరాస్యత 33 శాతం లోపు.

శంకర్‌పల్లి నుంచి

చరిత్రకారుడు, విద్యావేత్త మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద 1981లో ఏర్పడిన ఫౌండేషన్ మొదట్లో పరిశోధనకు పరిమితమైంది. ఆయన మనుమరాలైన శాంతా సిన్హా చొరవతో 1991లో అది బాలకార్మికుల వైపు తిరిగింది. శంకర్‌పల్లి పరిసర గ్రామాల్లో జీతం ఉన్న పిల్లలతో తొలి శిబిరాలు మొదలయ్యాయి.

ఇక్కడే ఒక నిర్ణయం జరిగింది. దేశమంతటా అప్పటికి పనిచేసే పిల్లలకు రాత్రి బడులు, అనియత విద్యా కేంద్రాలు నడుస్తున్నాయి. పగలు పని, రాత్రి రెండు గంటల చదువు. 1986 జాతీయ విద్యావిధానం కూడా దీన్నే సమర్థించింది. అదే ఏడాది వచ్చిన బాలకార్మిక చట్టం ప్రమాదకరమైన పనులను మాత్రమే నిషేధించి, వ్యవసాయ పనులను దాదాపుగా వదిలేసింది. శంకర్‌పల్లిలో పనిచేసినవారు ఈ రెండింటినీ ఒప్పుకోలేదు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే. పిల్లలుండవలసింది పగటి పూట నడిచే పూర్తికాలపు ప్రభుత్వ బడిలోనే అన్న సూత్రాన్ని పట్టుకున్నారు. దీనికి మినహాయింపు లేదన్నారు. పేదరికం వల్ల తప్పదన్న వాదనను ఖండించారు. అమెరికన్ పండితుడు మైరన్ వీనర్ భారత బాలకార్మిక వ్యవస్థపై 1991లోనే అచ్చయిన తన గ్రంథంలో, పేదరికం కన్నా మధ్యతరగతి ఆలోచనే నిర్బంధ విద్యకు అడ్డమని వాదించారు. పుస్తకంలోని ఆ వాదనకు పొలాల మధ్య రుజువు చూపించింది ఈ జిల్లా.

ఇల్లిల్లూ తిరిగినవారు

కార్యకర్తల పని ఊరి సర్వేతో మొదలయ్యేది. బడి రిజిస్టరులో ఉన్న పేరు వేరు, బడిలో ఉన్న పిల్ల వేరు. అందుకని ఇంటింటికీ వెళ్ళి, వయసు రాసుకుని, ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో కనుక్కునేవారు. పొలంలోనా, పటేలింటనా, చెల్లెలి ఊయల దగ్గరా? తల్లిదండ్రులు మొదట తలుపేసేవారు. ఒకసారి వెళితే పని అయ్యేది కాదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సి వచ్చేది. ఇందులో వారికున్న బలం ఒక్కటే: వాళ్ళు ఆ ఊరివాళ్ళు. పట్నం నుంచి జీపులో వచ్చినవారు చెబితే విననిది, వరసకు తమ్ముడో చెల్లెలో అయ్యేవారు చెబితే వినక తప్పలేదు.

పేద తల్లిదండ్రులకు పిల్లల సంపాదనే కావాలన్న ప్రచారం ఎంత అబద్ధమో ఈ తిరుగుడులోనే బయటపడింది. అవకాశం నిజంగా చూపించినప్పుడు, బడిలో అవమానం జరగదన్న నమ్మకం కుదిరినప్పుడు, కూలిడబ్బులు వదులుకొని, మేకల్ని అమ్ముకొని మరీ పిల్లను పంపిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తండ్రి మళ్ళీ అడవికెళ్ళి పశువులు కాశాడు, తల్లి పొద్దున్నే లేచి నీళ్ళు మోసింది. ఉద్యమం అసలు మూలధనం ఈ తల్లిదండ్రుల త్యాగమే.

యజమానులతో కార్యకర్తలు నేరుగా తగువు పెట్టుకోలేదు. ముందు ఊరి సభలో మాట్లాడించారు. అప్పు వదులుకొని పిల్లవాణ్ణి విడిచిపెట్టిన రైతుకు ఊరందరి ముందు సన్మానం చేశారు. పిల్లవాణ్ణి విడిపించడం ఒక కులం మరో కులం మీద సాధించిన గెలుపుగా కాకుండా ఊరి పరువుగా కనిపించేలా చేయడం వారి నేర్పు. కాలక్రమంలో గ్రామాల్లో బాలల హక్కుల పరిరక్షణ వేదికలు ఏర్పడ్డాయి. ప్రభుత్వ ఉపాధ్యాయులు తమంతట తాము బాలకార్మిక విమోచన వేదికగా కూడారు. బడి మానేసిన పిల్ల ఇంటికి పంతులే నడిచి వెళ్ళడం ఈ వేదిక తెచ్చిన మార్పు.

శిబిరంలో చదువు

తొమ్మిదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ మధ్య పిల్లలు, ఆడపిల్లలకు వేరుగా, మగపిల్లలకు వేరుగా శిబిరాల్లో ఉండేవారు. మొదటి రోజుల్లో పలక ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒంటి మీది గజ్జి తగ్గాలి, కడుపునిండా తినాలి, ఆడుకోవాలి, పాడుకోవాలి. తెల్లవారుజామున లేచి గొడ్లను తోలిన పిల్లవాడికి ఒకచోట కూర్చోవడమే కష్టం. అందుకని పాటలతో, కథలతో మొదలుపెట్టి, తమకు తెలిసిన చెట్లు, పనిముట్లు, ఊళ్ళ పేర్లు రాయించేవారు. గోడపత్రికలు పిల్లలే తయారుచేసేవారు. శిబిరంలో చదువు చెప్పేవారిని పిల్లలు అక్క, అన్న అని పిలిచేవారు. అక్క వాళ్ళతోపాటే తినేది, వాళ్ళ మధ్యే పడుకునేది, రాత్రి ఏడ్చిన పిల్లను ఓదార్చేది. పాఠం చెప్పడం ఆ పనిలో సగమే.

పెద్ద పిల్లలకు ఒకటి నుంచి ఏడు తరగతుల సారాన్ని త్వరగా నేర్పి, అప్పట్లో ఉన్న ఏడో తరగతి పరీక్ష రాయించేవారు. ప్యాసైతే ఎనిమిదో తరగతిలో, సాంఘిక సంక్షేమ వసతి గృహంలో చోటు దొరికేది. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో ఆరేళ్ళవాళ్ళ పక్కన కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడే పారిపోతాడు; వయసుకు తగిన తరగతి అన్న పట్టుదల వెనుక ఉన్నది ఈ అనుభవమే.

శిబిరం నుంచి బడికి వెళ్ళడమే అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. పుట్టిన తేదీ కాగితం లేదు, టీసీ లేదు, ఆధారాలు తెమ్మని ప్రధానోపాధ్యాయుడు తిప్పి పంపుతాడు. చేర్చుకున్నా, తరగతి గదిలో వందమందికి ఒక్క పంతులు. ఈ కొరత తీర్చడానికి కార్యకర్తలు బడుల్లోనే వలంటీర్లుగా చేరి పాఠాలు చెప్పారు. అడ్మిషన్ నెలల్లో కాగితాల కట్టలు పట్టుకుని మండల కార్యాలయాల చుట్టూ తిరిగారు. బాల్యవివాహం కుదిరిన ఇంటికి పోయి ఆపించబోయి తిట్లు తిన్నవారూ ఉన్నారు. ఆడపిల్లల శిబిరాల్లో పనిచేసిన అక్కలకు ఈ భారం మరీ ఎక్కువ. పెళ్ళి తప్పించుకుని వచ్చిన పిల్లకు ఏళ్ళ తరబడి పుట్టిల్లు వాళ్ళే.

వ్యాప్తి

1993లో ఉన్నికృష్ణన్ – ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ దాకా విద్య ప్రాథమిక హక్కని చెప్పింది. 1990ల చివర్లో రాష్ట్ర ప్రభుత్వం వేసవి సెలవుల్లో ఖాళీగా ఉండే సంక్షేమ వసతి గృహాల్లో బ్యాక్ టు స్కూల్ పేరుతో ఇటువంటి శిబిరాలనే నడిపింది. 2001 లెక్కల నాటికి దేశంలో బాలకార్మికుల సంఖ్య పెరిగి 1.27 కోట్లకు చేరగా, ఆంధ్రప్రదేశ్‌లో 13.6 లక్షలకు తగ్గింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలై 2013 దాకా పనిచేశారు. నెదర్లాండ్స్‌కు చెందిన హివోస్ సంస్థ 2003లో మొదలుపెట్టిన బాలకార్మిక వ్యతిరేక ప్రచారం ద్వారా రంగారెడ్డి నమూనా ఆఫ్రికా దేశాలకూ చేరింది. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను, బడిబయటి పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. శిబిరాల్లో అక్కలూ అన్నలూ చేసి చూపించిన పనే అది.

ఇటుక బట్టీల పిల్లలు

ఊరి పిల్లల విషయంలో ఫలించిన పద్ధతి నగరం అంచున కొత్త చిక్కులో పడింది. ఇక్కడ పిల్లలు ఊరివాళ్ళు కారు. దసరా దాటాక ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి కుటుంబాలు హైదరాబాదు చుట్టుపక్కల ఇటుక బట్టీలకు వచ్చి, వానాకాలానికి ముందు తిరిగి వెళతాయి. సర్దార్ (కూలీలను కుదిర్చే దళారి) ఇచ్చే అడ్వాన్సు ఒక్క మనిషికి కాదు. భర్త, భార్య, ఇంకొకరు కలిసిన జట్టుకు. ఆ ఇంకొకరు తరచుగా వారి బిడ్డే. కూలి వెయ్యి ఇటుకలకు ఇంతని లెక్క. ఆరబెట్టిన పచ్చి ఇటుకల మీద నడుస్తూ వాటిని తిరగేయడానికి తేలికైన పిల్లలే పనికొస్తారు. అంటే పిల్లలను ఆ పనికి పెట్టడం అలవాటుగా కాక లెక్క ప్రకారమే జరుగుతోంది.

ఇల్లిల్లూ తిరిగే పద్ధతి ఇక్కడ సరిపోదు. బట్టీకి ఊరి సభ లేదు, వరస కలిపి పిలిచే చుట్టరికం లేదు, భాష తెలుగు కాదు. విద్యాసంవత్సరం నడుమ వచ్చి, పరీక్షలు ముగిశాక వెళ్ళే పిల్ల రెండు రాష్ట్రాల హాజరుపట్టీల్లోనూ నిలవదు. 2017 జనవరిలో రాచకొండ పోలీసులు కమిషనర్ మహేష్ భగవత్ నేతృత్వంలో యాదాద్రి భువనగిరి జిల్లా బట్టీల నుంచి ఒడిశా పిల్లలను పెద్ద సంఖ్యలో విడిపించారు. ఆ తర్వాత ఎయిడ్ ఎ ఆక్షన్ వంటి స్వచ్ఛంద సంస్థలతో కలిసి పనిచోటనే బడులు తెరిచారు. ఒడియా పుస్తకాలు, ఒడియా వచ్చిన ఉపాధ్యాయులు. తిరిగి సొంతూరు వెళ్ళాక తరగతి తప్పకుండా ఉండటం దీని ఉద్దేశం. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేర పిల్లలను పనిచోట్ల నుంచి బయటికి తెస్తున్నారు. అయితే విడిపించడానికి ఒక రోజు చాలు. ఆ పిల్లతో నెలల తరబడి కూర్చునే మనిషి కావాలి. రంగారెడ్డి అనుభవం చెప్పేది ఇదే. పనిచోటి బడుల్లో ఒడిశా నుంచే వచ్చి చదువు చెప్పే యువకులు ఆనాటి శంకర్‌పల్లి కార్యకర్తలకు వారసులు. వారి జీతం, ఉద్యోగ భద్రత మాత్రం ఇంకా సీజనుతో ముగిసిపోతున్నాయి. ఇది మారాలి.

ఇది చదివేవారిలో బట్టీలకో, కట్టడాల దగ్గరి గుడిసెలకో సమీపంలో ఉండేవారు చాలామందే ఉంటారు. వయసు రుజువు లేదని ఏ బడీ పిల్లను నిరాకరించకూడదు; టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు; సంవత్సరం మధ్యలో వచ్చినా కాదనకూడదు. విద్యాహక్కు చట్టంలో ఉన్న మాటలివి. ఒక పిల్ల చేయి పట్టుకుని దగ్గరి ప్రభుత్వ బడికి తీసుకువెళ్ళి, ఈ మాట ప్రధానోపాధ్యాయుడికి గుర్తుచేయండి. పనిలో చిక్కుకున్న పిల్ల కనిపిస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.