పారసీక సూఫీల ప్రేమమార్గము

భగవంతునికి మనుష్యుడు దాసుడు మాత్రమేనా, ప్రియుడు కూడ కాగలడా? వేయి సంవత్సరములకు పూర్వము ఇరాకు, పారసీక దేశములలో ఈ ప్రశ్న పండితుల వాదముతో ముగిసిపోలేదు.

8వ శతాబ్దమున బస్రా నగరమందు రాబియా అను సాధ్వి యుండెను. నరకభయముచే గాని స్వర్గకాంక్షచే గాని చేయు ఆరాధన ఆమెకు రుచింపలేదని సంప్రదాయము చెప్పుచున్నది. ఖురానులో దైవప్రేమకు వాడబడినది 'హుబ్బ్' అను సౌమ్యమైన పదము. తరువాతి సూఫీలు 'ఇష్క్' అను తీవ్రమైన పదమును చేపట్టిరి. స్త్రీపురుషుల వలపునకు చెల్లు మాటను ఈశ్వరునకు వర్తింపజేయుట అపచారమని ధర్మవేత్తలు పలువు రాక్షేపించిరి.

పారసీకమునందలి ఫార్సు సీమలో జన్మించిన హల్లాజ్ ప్రేమావేశమున తానే సత్యమని పలికెనని ప్రసిద్ధి. ఆయనను 922లో బాగ్దాదునందు వధించిరి. అందుకు మతవాదముతోపాటు ఆనాటి రాజకీయములును కారణములే.

అయినను ఆ మార్గము మూతపడలేదు. సుప్రసిద్ధ ధర్మవేత్త గజాలీ తమ్ముడైన అహ్మద్ గజాలీ, 'సవానిహ్' అను చిన్న గ్రంథమును పారసీక భాషలో రచించెను. ప్రియుడును ప్రియతమయు ప్రేమనుండియే పుట్టుచున్నారనియు, ప్రేమయే మూలమనియు ఆయన సిద్ధాంతము. ఆయన 1126లో మరణించెను. ఆయన శిష్యుడు, హమదాను నివాసియైన ఐనుల్ కుజాత్, బాగ్దాదు చెరసాలలో తన నిర్దోషిత్వమును సమర్థించుకొనుచు ఒక గ్రంథమును వ్రాసెను. అది ఫలింపలేదు. 1131లో హమదానులోనే ఆయనను ఉరితీసిరి. అప్పటి కాయన వయస్సు ముప్పదిమూడేండ్లు.

ఈ చింతనకు కథారూపమిచ్చినవాడు నిషాపూరు కవి అత్తార్. ఆయన కావ్యమున కూకుడుగువ్వ మార్గదర్శిగా పక్షులు తమ రాజైన సీముర్గును వెదకుచు ఏడు లోయలు దాటవలెను. అందు రెండవది ప్రేమలోయ. అచ్చట తర్కమునకు నిలువ నీడలేదు. తుదకు మిగిలినవి ముప్పది పక్షులు. పారసీకమున 'సీ' అనగా ముప్పది, 'ముర్గ్' అనగా పక్షి. అవి సీముర్గును చూడబోయి, అద్దమందువలె తమ్మునే చూచుకొన్నవి. హల్లాజ్ ప్రాణమునకు ముప్పు తెచ్చిన భావమే ఇచ్చట పక్షుల కథయై అందరి ముంగిటికిని వచ్చినది.

పారసీక కవితలో మధువు, చషకము, ముంగురులు కనుపించినంతనే దానిని విలాసకవిత్వమని మనము త్రోసివేయరాదు. ప్రతి మధుపాత్రయు వేదాంతమే యని తలపను రాదు. అయితే ప్రేమ యను మాట దగ్గర మాత్రము మన మొక్కక్షణ మాగవలెను. ఆ మాటను నిలుపుటకు చెల్లింపబడిన మూల్యము స్వల్పమైనది కాదు.