సంతానసంధి, సప్తపది: విజయనగర రాజవివాహాలు చెప్పే ధర్మం

వివాహం సంస్కారమా, సంధియా? మన శాస్త్రాలలో ఈ రెండు దృష్టులూ ఉన్నాయి. గృహ్యసూత్రాలు వివాహాన్ని గృహస్థాశ్రమానికి ద్వారమైన సంస్కారంగా విధించాయి. కామందకుని నీతిసారమో, పదహారు విధాల సంధులను గణించి, కన్యాదానపూర్వకంగా కుదిరే మైత్రికి ‘సంతానసంధి’ అని నామకరణం చేసింది. రాజగృహాలలో ఈ రెండూ ఒకే పందిరి క్రింద కలుస్తాయి. వాటిలో ఏది నిలిచిందో, ఏది చెదిరిందో గ్రహించడానికి మన పెనుకొండ సీమ చరిత్రయే చాలును.

కళింగ యుద్ధాల అనంతరం, 1519 ప్రాంతంలో, ప్రతాపరుద్ర గజపతి తన పుత్రికను శ్రీకృష్ణదేవరాయలకిచ్చి వివాహం చేశాడు. రాయలు కృష్ణానదికి ఉత్తరాన తాను జయించిన భూములను తిరిగి అప్పగించాడు. ఇది సంతానసంధికి స్పష్టమైన నిదర్శనం. ఆ కాలపు ఐరోపాలోనూ ఇదే నీతి నడిచింది. హాబ్స్‌బర్గ్ వంశీయుడైన ఫిలిప్‌కు, స్పెయిన్ రాకుమారి జువానాకు 1496లో జరిగిన వివాహ ఫలితంగా వారి కుమారుడు చార్లెస్ 1516లో స్పెయిన్ సింహాసనాన్ని అధిష్ఠించాడు.

రాయల తరువాత అచ్యుతదేవరాయలు 1529 నుండి 1542 వరకు పాలించాడు. ఆయన సలకము వంశపు వరదాంబికను పరిణయమాడాడు. ఆ శుభకార్యాన్ని తిరుమలాంబ అనే విదుషి ‘వరదాంబికాపరిణయ చంపువు’గా సంస్కృతంలో రచించింది. వివాహవర్ణనతో శోభించే ఆ కావ్యం వారి పుత్రుడు వేంకటాద్రి యౌవరాజ్య ప్రస్తావనతో ముగుస్తుంది. కావ్యం అక్కడ ఆగింది గాని చరిత్ర ఆగలేదు. అచ్యుతుడు గతించిన కొద్దికాలానికే, రక్షకుడై నిలువవలసిన మేనమామ సలకము తిరుమలరాజు ఆ బాలుణ్ణి వధించి రాజ్యాన్ని అపహరించాడు.

అతణ్ణి తొలగించినవాడు కృష్ణదేవరాయల జామాత, అళియ రామరాయలు. ‘అళియ’ అంటే కన్నడంలో అల్లుడు. సదాశివరాయలను సింహాసనంపై నిలిపి, అధికారమంతా తన హస్తగతం చేసుకున్నాడు. 1565 యుద్ధంలో రామరాయలు హతుడు కాగా, ఆయన సోదరుడు తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసుకున్నాడు. బావమరిది బంధుత్వం రాజహత్యకు దారితీసింది. అల్లుని బంధుత్వం ఆరవీటి వంశానికి రాజ్యాన్ని చేర్చింది. రెండింటా అధికారానికి సోపానమైనది వివాహమే.

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి వీరభద్రాలయం ఆ అచ్యుతరాయల కాలంలోనే, పెనుకొండ అధికారి విరూపణ్ణ పర్యవేక్షణలో వెలసింది. అక్కడి కల్యాణమండపంలో పార్వతీపరమేశ్వరుల వివాహానికి విచ్చేసిన దేవతలు, మహర్షులు స్తంభాలపై నిలిచి ఉన్నారు. కాని మండపం అసంపూర్ణం, పైకప్పు లేదు. కోశధనం వెచ్చించాడన్న అభియోగంతో విరూపణ్ణ తన నేత్రాలను తానే పెకలించుకున్నాడని స్థానికుల ఐతిహ్యం. కప్పు లేని ఆ మండపాన్ని చూచినవారెవరూ ఆ దివ్యదంపతుల కల్యాణం అసంపూర్ణమని తలచరు. కల్యాణానికి ఆధారం మండపం కాదు గదా!

అయితే రాజవివాహ వైభవమంతా నిరర్థకమని కాదు. 1840లో ఇంగ్లండు రాణి విక్టోరియా తన వివాహవస్త్రానికి హోనిటన్ లేసును ఎన్నుకొని, యంత్రాల పోటీకి క్షీణిస్తున్న ఆ చేతిపనికి ఊతమిచ్చింది. మన ధర్మవరంలో నేటికీ పెండ్లి పట్టుచీరలే మగ్గానికి జీవం. లేపాక్షి లతామండపపు శిలాలతలు ఆ చీరల అంచులపై పూస్తున్నాయి. వధువు ధరించే చీర నేతగాని ఇంట అన్నమవుతుంది; అటువంటి వ్యయం ధర్మవ్యయమే.

నేడు సామాన్య గృహస్థులు సైతం రాజవివాహాన్ని అనుకరింపగోరి దూరదేశపు సముద్రతీరాలలో, అద్దెకోటలలో పందిళ్ళు వేస్తున్నారు. ఋణం చేసి తెచ్చిన ఆడంబరం మధ్య ముహూర్తం జారిపోతుంది, మంత్రభాగం కుదించమన్న ఒత్తిడి పురోహితునిపై పడుతుంది. వారు అనుకరిస్తున్నది రాజుల వివాహంలో చెదిరిపోయిన అంశాన్నే. చెదరనిది వేరొకటి ఉంది. సప్తపదిలో ఏడవ అడుగున వరుడు వధువును ‘సఖీ’ అని సంబోధిస్తాడు. గజపతి పుత్రికకైనా, ధర్మవరపు నేతగాని పుత్రికకైనా ఆ సంబోధన ఒక్కటే. దానికి కోట అక్కరలేదు. అగ్ని, ఏడు అడుగులు, త్వరపెట్టని కొంత సమయం చాలు. వివాహవ్యయాన్ని నిర్ణయించుకొనే పెద్దలు ముందుగా ఆ సమయాన్ని కేటాయించి, తక్కినవన్నీ తరువాత లెక్కించుకోవడం శ్రేయస్కరం.