బాల రచయితల ఫాంటసీ నవలలు: కుటుంబ పలుకుబడి, కుటుంబ పెట్టుబడి

వ్యాససంగ్రహం:
ఇరవై ఏళ్ళు నిండకుండానే ఫాంటసీ నవల వెలువరించిన రచయితలపై, ఇంటివారి పలుకుబడితోనే ఆ పుస్తకం వచ్చిందనే విమర్శ తరచుగా వినిపిస్తుంది. అమెరికాలో ఒకే ప్రచురణసంస్థ 1927లోనూ 2003లోనూ వెలువరించిన రెండు నవలల చరిత్ర ఆధారంగా ఆ విమర్శలోని బలాబలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కుటుంబ పలుకుబడి, కుటుంబ పెట్టుబడి వేర్వేరు విషయాలని, రచయిత నిలదొక్కుకోవడానికి రెండవదే ముఖ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫాంటసీ నవల, బాల రచయితలు, స్వీయప్రచురణ, బార్బరా ఫాలెట్, క్రిస్టఫర్ పావొలీనీ.

1. ఉపోద్ఘాతం:
సాంఘిక నవలకు లోకానుభవం కావాలి. ఫాంటసీ నవలలో రచయిత తన లోకాన్ని తానే నిర్మించుకుంటాడు. దాని భూగోళమూ భాషా నియమాలూ అతని ఊహలోంచే వస్తాయి. చిన్న వయసువారు ఈ ప్రక్రియ వైపు మొగ్గడానికి ఇది ఒక ప్రధాన కారణం. అయితే నవల రాయడం వేరు, దానిని అచ్చులోకి తేవడం వేరు. ఒప్పందంపై సంతకం చేసే వయసైనా లేని రచయితకు, ప్రచురణ రంగానికి మధ్య ఎవరో ఒక పెద్ద నిలబడాలి. ఆ పెద్ద సాధారణంగా తల్లి లేదా తండ్రి. అందువల్ల కుటుంబం సాయపడిందా లేదా అన్న ప్రశ్న కంటే, ఏ రూపంలో, ఎంతకాలం సాయపడింది అన్న ప్రశ్న సాహిత్య చరిత్రకు ఎక్కువ ఉపయోగకరం.

2. బార్బరా ఫాలెట్: తండ్రి తెరిచిన తలుపు:
బార్బరా న్యూహాల్ ఫాలెట్ 1914లో జన్మించింది. బడికి పంపకుండా తల్లిదండ్రులు ఆమెకు ఇంట్లోనే చదువు చెప్పారు. పసితనం నుంచే టైపురైటరుపై రాయడం అలవాటైంది. ఇల్లు విడిచి ప్రకృతిలో కలిసిపోయే ఒక బాలిక కథను ఎనిమిదేళ్ళ వయసులో తల్లికి కానుకగా మొదలుపెట్టింది. 1923లో ఇల్లు అగ్నిప్రమాదానికి గురై ఆ ప్రతి కాలిపోయింది. ఆమె దానిని మళ్ళీ మొదటినుంచి రాసింది. ఆ నవల 'ద హౌస్ వితౌట్ విండోస్' పేరుతో 1927లో క్నాఫ్ సంస్థ నుంచి వెలువడింది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు.

తండ్రి విల్సన్ ఫాలెట్ అదే సంస్థలో సంపాదకుడు. ఈ సంబంధం రహస్యమేమీ కాదు. పుస్తకం రూపొందిన క్రమాన్ని వివరిస్తూ ఆయన రాసిన గమనిక పుస్తకంలోనే ఉంది. పత్రికలు నవలను మెచ్చుకున్నాయి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో బాలల విభాగానికి నాయకత్వం వహించిన ఆన్ కారల్ మూర్ మాత్రం, ఇంత చిన్న వయసులో వచ్చే విజయం ముందుముందు రచయితకే భారమవుతుందని హెచ్చరించారు. ఆమె అభ్యంతరం రచన నాణ్యతపై కాదు, బాల్యంపై పడే భారం గురించి.

1928లో రెండవ పుస్తకం వచ్చింది. అదే సంవత్సరం తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్ళాడు. పదహారేళ్ళకే బార్బరా న్యూయార్కులో కార్యదర్శిగా ఉద్యోగం చేయవలసి వచ్చింది. రాయడం మానలేదు, కానీ ఆ తర్వాత రాసిన నవలకు అప్పట్లో ప్రచురణ దక్కలేదు. 1939 డిసెంబరులో, ఇరవై అయిదేళ్ళ వయసులో, బ్రూక్‌లైన్‌లోని తన ఇంటి నుంచి బయటికి వెళ్ళిన ఆమె మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ఆమె సాహిత్య జీవితం ఆగిపోవడానికి తండ్రి నిష్క్రమణ ఒక్కటే కారణమనడం తొందరపాటు. అవి ఆర్థికమాంద్యం రోజులు కూడా. అయినా ఒక విషయం స్పష్టం. ఆమె పోగొట్టుకున్నది ప్రచురణసంస్థలోని పరిచయాన్ని మాత్రమే కాదు. చదువు చెప్పిన గురువును, తొలి పాఠకుడిని, రాసుకునే తీరికను కూడా ఆ ఏడాదే పోగొట్టుకుంది.

3. క్రిస్టఫర్ పావొలీనీ: ప్రచురణసంస్థగా మారిన ఇల్లు:
డెబ్బై అయిదేళ్ళ తర్వాతి ఉదంతం దీనికి భిన్నమైనది. 1983లో జన్మించిన క్రిస్టఫర్ పావొలీనీ మోంటానా రాష్ట్రంలో పెరిగాడు. అతనికీ చదువు ఇంట్లోనే. పదిహేనేళ్ళకు దూరవిద్య ద్వారా పాఠశాల చదువు ముగించి 'ఎరగాన్' రాయడం ప్రారంభించాడు. మొదటి ప్రతికి ఒక సంవత్సరం, దానిని తిరగరాయడానికి మరొక సంవత్సరం పట్టింది. ఆ ప్రతిని తల్లిదండ్రులు చదివి, సరిదిద్ది, 2002లో తమ చిన్న ప్రచురణసంస్థ ద్వారా అచ్చువేశారు. ముఖచిత్రాన్నీ లోపలి పటాన్నీ రచయితే గీశాడు. తర్వాత కుటుంబం పుస్తకాన్ని వెంటబెట్టుకొని ఊరూరా తిరిగింది. బడులలో, గ్రంథాలయాలలో, పుస్తకాల దుకాణాలలో 135కి పైగా ప్రసంగాలు జరిగాయి. చాలాచోట్ల ఆ యువకుడు మధ్యయుగపు దుస్తులు ధరించి నిలబడ్డాడు. పుస్తకం అమ్ముడుపోకపోతే ఇల్లు అమ్మి, ఉద్యోగాలు వెతుక్కుంటూ నగరానికి వెళ్ళవలసిన స్థితి ఆ కుటుంబానిది.

క్నాఫ్ సంస్థ దృష్టికి ఈ నవల వెళ్ళింది మాత్రం మరొక కుటుంబం ద్వారా. నవలాకారుడు కార్ల్ హయసెన్ సవతి కొడుకు మోంటానాలో ఈ పుస్తకం చదివి ఇష్టపడ్డాడు. హయసెన్ తన బాలల నవలను వెలువరించిన క్నాఫ్‌కు ఆ సంగతి తెలియజేశాడు. 2003 ఆగస్టులో 'ఎరగాన్' కొత్త ముద్రణ వెలువడి విశేష ప్రచారం పొందింది.

ఈ నవలను కొందరు స్వీయప్రచురణ విజయంగా, మరికొందరు తల్లిదండ్రుల దయగా వర్ణిస్తారు. మొదటి వర్ణన కుటుంబ శ్రమను మరుగుపరుస్తుంది. రెండవది ఆ శ్రమను పలుకుబడిగా పొరబడుతుంది. పావొలీనీ తల్లిదండ్రులు పెట్టినది డబ్బు, పనితనం, కాలం. పైగా నష్టాన్ని భరించే సాహసం. పెద్ద సంస్థ తలుపు తెరిచినది ఒక అపరిచిత బాలపాఠకుడి ఇష్టం. అయితే ఆ బాలుడి ఇంట్లోనూ ఒక రచయిత ఉండడం యాదృచ్ఛికమే గాని, అప్రధానం కాదు.

4. పరిచయం లేని దారి:
పరిచయం లేకుండానూ ఈ దారి తెరుచుకున్న సందర్భం ఉంది. 1993లో చైనాలో పుట్టి, ఏడేళ్ళ వయసులో అమెరికాకు వచ్చిన నాన్సీ యి ఫాన్, పక్షులు పాత్రలుగా రాసిన 'స్వోర్డ్‌బర్డ్' నవల ప్రతిని హార్పర్‌కాలిన్స్ సంస్థ అధినేతకు నేరుగా ఈమెయిలులో పంపింది. 2007లో అది వెలువడింది. పలుకుబడి ప్రచురణకు అనివార్యం కాదని ఈ ఒక్క ఉదాహరణ చాలు నిరూపించడానికి. అందరికీ ఆ దారి తెరిచి ఉందని మాత్రం దీనితో నిరూపణ కాదు.

5. ముగింపు:
పలుకుబడి ఒక్కసారి తలుపు తెరుస్తుంది. పెట్టుబడి ఏళ్ళ తరబడి పోషిస్తుంది. ఫాలెట్‌కు మొదట రెండూ దక్కాయి, పద్నాలుగేళ్ళకు రెండూ సన్నగిల్లాయి. పావొలీనీకి పెట్టుబడి చివరిదాకా నిలిచింది. అతని నవలామాలిక 2011లో నాలుగవ సంపుటితో పూర్తయింది. ఇద్దరి ప్రతిభనూ తూచడానికి ఈ పోలిక పనికిరాదు. ఇంట్లో తీరిక, సరిదిద్దే పెద్దలు, నష్టాన్ని భరించే స్తోమత లేని పిల్లల కథలు అచ్చుదాకా రావడం కష్టం. సాహిత్య చరిత్రకు వారి పేర్లు చేరవు. బాలమేధావుల చరిత్ర రాసేవారు ప్రతిభతో పాటు ఆ ప్రతిభను మోసిన ఇంటిని కూడా నమోదు చేసినప్పుడే, ఆ చరిత్రలో ఎవరికి చోటు దక్కలేదో తెలుస్తుంది.