గుడి లేని ఆరువందల ఏళ్లు

అలంపురం జోగులాంబ గుడిని మొదటిసారి చూసేవాళ్లు గర్భగుడి చుట్టూ ఉన్న నీటి గుండాన్నీ శిల్పాల గోడల్నీ చూసి, ఇది చాళుక్యుల నాటిదే అనుకుంటారు. చాళుక్యులవి పక్కనున్న నవబ్రహ్మ ఆలయాలు. అమ్మ గుడి మాత్రం మన కళ్లముందు లేచింది. 2005 ఫిబ్రవరి 13న, వసంత పంచమి నాడు, అమ్మ ఇందులోకి వచ్చింది. అంతకుముందు ఆరు శతాబ్దాలకు పైగా ఆమెకు తనదంటూ గుడి లేదు. బడిలో చరిత్ర చెప్పినన్నాళ్లూ, ఇప్పుడూ, ఈ క్షేత్రంలో నన్ను పట్టి లాగేది ఆ మధ్యకాలమే. గుడి లేని దేవత కోసం జనం అన్ని తరాలు ఎందుకు వచ్చారు?

కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న ఈ నేలను మా వైపు నడిగడ్డ అంటారు. తుంగభద్ర ఇక్కడ ఉత్తరానికి మళ్లి పారుతుంది కాబట్టి కాశీతో పోల్చారు, దక్షిణ కాశి అన్నారు. శ్రీశైలానికి పడమటి ద్వారం కూడా ఇదే. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో ఏటి ఒడ్డున తొమ్మిది శివాలయాలు కట్టించారు. బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ అని అన్నింటికీ బ్రహ్మ పేరే. శిఖరాలు చూస్తే ఒడిశాలో ఉన్నామా అనిపిస్తుంది, అంతగా అది ఉత్తరాది పద్ధతి. స్వర్గబ్రహ్మ గోడల మీది శిల్పాల ముందు ఎంతసేపు నిలబడినా నాకు తనివి తీరదు. అష్టాదశ శక్తిపీఠాల్లో జోగులాంబది అయిదో పీఠం. సతీదేవి పై దవడ పళ్లు ఇక్కడ పడ్డాయని నమ్మకం.

నడిగడ్డ కోసం విజయనగర రాజులూ బహమనీ సుల్తానులూ తరాల తరబడి కొట్టుకున్నారు. 14వ శతాబ్దం చివర, 1390లో అని స్థలచరిత్ర చెబుతుంది, ఆ దండయాత్రల్లో అమ్మ గుడి నేలమట్టమైంది. అమ్మ విగ్రహాన్నీ, వెంట ఉండే చండి, ముండి విగ్రహాలనూ బాలబ్రహ్మేశ్వరుడి గుడిలోకి చేర్చి దాచారు. దాచినవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. శాసనాలు చదివి పాఠాలు చెప్పినదాన్నే అయినా, ఈ ఊరి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద పని శాసనానికి ఎక్కని ఆ మనుషులదే అంటాను.

మా జేజిది కర్నూలు వైపు ఒడ్డున ఉన్న పల్లె. ఏట్లో నీళ్లుంటే పుట్టి ఎక్కి, ఎండాకాలమైతే ఇసుకలో నడిచి అవతలికి పోయేవాళ్లట. ఏట్లో మునిగి, తడిబట్టలతోనే బాలబ్రహ్మయ్య గుళ్లోకి పోయి, అయ్యకు దండం పెట్టుకుని, తర్వాత మూలనున్న అమ్మ దగ్గర కూర్చునేవాళ్లు. "అయ్యగారింట్లో ఒక మూల సర్దుకునుండాది తల్లి" అనేది జేజి.

చూడగానే భయం పుట్టే రూపం అమ్మది. పైకి లేచిన జుట్టులో బల్లి, తేలు, కప్ప, కపాలం. దానికి జేజి చెప్పిన అర్థమే నడిగడ్డ ఆడవాళ్లందరూ చెబుతారు. ఇల్లు కళ తప్పితే ముందు బల్లులు చేరతాయి, తర్వాత తేళ్లు, ఆఖరికి చావు. వాటన్నిటినీ అమ్మ తన నెత్తిన పెట్టుకుని మన గడప దాటి రానివ్వదు. అందుకే ఆమెను గృహచండి అని కొలుస్తారు. ఇల్లు నిలబడాలనీ, కాపురం చక్కబడాలనీ మొక్కుకున్నవాళ్లు ఆమెకు గుడి ఉందా లేదా అని చూడలేదు. నా ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే.

ఆధునిక కాలంలో ఈ ఊరిని లోకానికి చూపించింది గడియారం రామకృష్ణశర్మగారు. ఇక్కడి శాసనాలను ఒక్కొక్కటిగా చదివి, శిథిలాల మధ్య తిరిగి రాశారు. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేనాటికి ఆయన లేరు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరిగితే సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. అప్పటికింకా ఈ ఊరు రాయచూరు జిల్లాలోది. 1956లో మహబూబ్‌నగర్‌లో కలిసింది. 2016 నుంచి జిల్లాకే జోగులాంబ పేరు.

ఇంకో సంగతి చెప్పకపోతే అలంపురం కథ సగమే. శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు నీళ్లు ఇంతవరకూ వస్తాయని తేలింది. ఊరికీ గుళ్లకూ అడ్డంగా కరకట్ట కట్టారు. పాపనాశనం గుళ్లను విప్పి పైకి తెచ్చి నిలబెట్టారు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని కూడా రాయికి రాయి లెక్కపెట్టి తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టారు. ఆ పని చేసినవాళ్ల ఓపికకు చేతులెత్తి మొక్కాలి. గుడి చెక్కు చెదరలేదు. కానీ సంగమం మాత్రం అక్కడే ఉండిపోయింది. వెనకటికి కూడవెల్లి యాత్ర అంటే రెండు నదులు కలిసే నీళ్లలో మునిగి, ఆ తడితోనే సంగమేశ్వరుణ్ని చూడడం. ఇప్పుడు నేను వెళ్లినప్పుడల్లా ఆ గుడి ముందు మనుషులు తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. అమ్మకు గుడి పోయినా యాత్ర మిగిలింది. సంగమేశ్వరుడికి గుడి మిగిలి యాత్ర పోయింది. ఈ రెంటినీ పక్కపక్కన చూపే ఊరు తెలుగునేల మీద నాకు తెలిసి మరొకటి లేదు.

ఇప్పుడు హైదరాబాద్, కర్నూలు నుంచి వచ్చే కార్లు అలంపురం చౌరస్తా దగ్గర హైవే దిగి నేరుగా అమ్మ గుడి దగ్గర ఆగుతాయి. దర్శనం, ప్రసాదం, ఫొటోలు అయ్యాక మళ్లీ శ్రీశైలమో మంత్రాలయమో. తప్పు పట్టను, యాత్రికుడికి తొందర ఉంటుంది. నన్ను అడిగినవాళ్లకు మాత్రం వరస మార్చమని చెబుతాను. ముందు ఏటి ఒడ్డు, తర్వాత బాలబ్రహ్మేశ్వరుడు, ఆ తర్వాతే అమ్మ. తిరిగి వెళ్లేటప్పుడు సంగమేశ్వరాలయం దగ్గర పది నిమిషాలు ఆగమంటాను.

అధికారులను నేను అడిగేది ఒక్కటే. బాలబ్రహ్మేశ్వరాలయంలో అమ్మను ఇన్ని వందల ఏళ్లు కొలిచిన చోటును చూపిస్తూ, పిల్లలు కూడా చదివేలా తెలుగులో ఒక పలక పెట్టండి.