వట్టము: షరాబు బల్ల మొదలు కార్డు యంత్రము వరకు

ధనము చేతులు మారునపుడెల్ల దాని వెంట ఒక కూలియు నడచుచుండును. ఆ కూలి యెంత, దానిని మోయవలసినవారెవరు అను రెండు ప్రశ్నలును నాణెమంత పురాతనములు. మన పెద్దలు దానికి వట్టమని పేరిడిరి. దుకాణములో కార్డు చూపినవానితో వర్తకుడు "రెండు శాతము అదనము" అనినపుడు అది ఈ కాలపు వింతగా తోచును. నిజమునకది షరాబు బల్లమీది పాత వట్టమే. దాని చరిత్రను పరిశీలించినచో ఒక సత్యము స్పష్టమగును: అడ్డు లేనిచోట వట్టపు బరువు చిన్న మొత్తము చెల్లించువానిమీదనే పడుచు వచ్చినది.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున చెన్నపురి రాజధానిలో 80 కాసులు ఒక పణము, 42 పణములు ఒక వరహా అని కుంఫిణీవారి లెక్క. వీనికి తోడు ఆర్కాటు రూపాయలును చెలామణిలో నుండెను. రైతుకు సంతలో దొరకునది చిల్లర. శిస్తు లెక్క వరహాలలో. ఈ రెంటి నడుమ షరాబు కూర్చుండెను. అతడు నాణెమును మ్రోగించి, తూచి, అరుగుదలను చూచి, తన వట్టము మినహాయించుకొని మారకమిచ్చెడివాడు. అతని పని నిరర్థకమైనది కాదు. నాణ్యమును నిర్ణయించువాడు లేనిదే నాటి బజారు నడువదు. కాని నూరు వరహాలు మార్చు వర్తకుడు బేరమాడగలడు. నాలుగు పణములు మార్చు కూలివాడు ఆడలేడు.

వంగదేశమున ఈ పద్ధతి మరింత విచిత్రముగా నుండెను. అచ్చట సిక్కా రూపాయి ముద్రింపబడిన యేడు మాత్రమే పూర్తి వెలకు చెల్లెడిది. రెండవయేట నూటికి మూడు, ఆపై నూటికి ఐదు చొప్పున వట్టము పడెడిది. వెండి తరుగకున్నను వెల తరిగెడిది. దీనిని మాన్పుటకై కుంఫిణీవారు పదునెనిమిదవ శతాబ్ది యుత్తరార్ధమున ఒక ఉపాయము పన్నిరి. ఏ యేట అచ్చువేసినను నాణెముపై షా ఆలం పాదుషా 19వ పాలన సంవత్సరమునే ముద్రింపజొచ్చిరి. కాలమును నిలిపి వట్టమును నిలుపజూచిరన్నమాట!

1818లో చెన్నపురి ప్రభుత్వము 100 వరహాలకు 350 రూపాయలని నిర్ణయించి రూపాయినే ప్రమాణముగా గైకొనెను. 1835 చట్టముతో 180 గ్రెయినుల తూకముగల ఒకే రూపాయి కుంఫిణీ రాజ్యమంతట ఏర్పడెను. షరాబు వట్టమునకు ఆధారము సన్నగిల్లెను. కాని 1861 చట్టముతో ప్రభుత్వ నోట్లు వచ్చినపుడు ఆ చిక్కే కాగితపు రూపమున తిరిగివచ్చినది. ఒక మండలపు నోటు ఆ మండలములోనే చట్టబద్ధమైన ద్రవ్యము. వెలుపల దానికి తరుగు తప్పెడిది కాదు. 1903లో ఐదు రూపాయల నోటు బర్మా దక్క తక్కిన దేశమంతటను చెల్లునట్లు చేయబడెను. 1910లో పది, ఏబది రూపాయల నోట్లకును, 1911లో నూరు రూపాయల నోటుకును ఆ గౌరవము లభించినది. చిన్న నోటుకే ఈ మేలు ముందు కలుగుట గమనింపదగినది.

తెలుగువారికి మారకపు చిక్కు ఇంటి విషయమే. నిజాం రాజ్యమున హాలీ సిక్కా, వెలుపల కల్దారు చెల్లుచుండెను. స్థూలముగా 7 హాలీ రూపాయలు 6 కల్దారులకు సమానము. వరంగల్లునుండి బెజవాడకు పోవు ప్రయాణికుడు, ఒకే భాష మాట్లాడు రెండు ఊళ్ళ నడుమ సొమ్ము మార్చుకొనవలసి వచ్చెడిది. 1950ల దశాబ్దిలో హాలీ సిక్కా క్రమముగా ఉపసంహరింపబడెను. ఇంతలో 1957 ఏప్రిల్ 1న దేశమంతట దశాంశ నాణెములు వచ్చినవి. అణాకు సరియైన వెల 6¼ నయాపైసలు. పావు పైసకు నాణెము లేదు గనుక అణాకు 6 అని లెక్క. నాలుగణాలు ఒక్కసారిగా ఇచ్చిన 25 పైసలు; ఒక్కొక్క అణాగా ఇచ్చిన 24! ఆ పోయిన పైస చిన్న బేరగానిదే.

పిమ్మట కార్డుల కాలము వచ్చినది. 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, దేశములో ఆ మార్గమున ముందు నడచిన బ్యాంకులలో నొకటియయ్యెను. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది. కార్డుతో ఇచ్చిన సొమ్ము వర్తకునికి పూర్తిగా చేరదు. కార్డు ఇచ్చిన బ్యాంకు, యంత్రము పెట్టిన బ్యాంకు, రెంటికిని నడుమ నిలిచిన సంస్థ తమ తమ పాలు తీసికొనును. పట్టుచీరల బేరమున ఇది తెలియకపోవచ్చును. ఏబది రూపాయల కిరాణా సరుకున లాభమే కొద్ది గనుక, యంత్రపు అద్దెతో కలిసి భారమగును. కావున కొందరు వర్తకులు చిన్న మొత్తములకు కార్డు తీసికొనమనిరి. మరికొందరు శాతము కలిపి వసూలు చేసిరి.

2012లో రిజర్వు బ్యాంకు డెబిట్ కార్డులపై వర్తకుడిచ్చు రుసుమునకు హద్దు పెట్టినది: 2,000 రూపాయల వరకు నూటికి 0.75, ఆపై నూటికి 1. ఆ రుసుమును కొనుగోలుదారునిపై మోపుట సమంజసము కాదని 2013 సెప్టెంబరులో బ్యాంకులకు తెలిపినది. 2016 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము, ప్రభుత్వమునకు కార్డు ద్వారాను ఇతర డిజిటల్ మార్గములందును చేయు చెల్లింపులపై అదనపు రుసుమును తొలగించుటకు ఆమోదించినది. సర్కారు కిటికీ తానే వట్టము పుచ్చుకొనుచు దుకాణదారుని వలదనుట పొసగదు గదా!

ఆ యేటి ఏప్రిల్‌లో యూపీఐ వెలసినది. నవంబరు 8న 500, 1,000 రూపాయల పాత నోట్ల రద్దు ప్రకటింపబడినది. 2020 జనవరి 1 నుండి రూపే డెబిట్ కార్డు, యూపీఐ చెల్లింపులపై వర్తకుని రుసుము రద్దయినది. కూరగాయల బండి మీదను, టీ కొట్టులోను పది రూపాయలు సైతము పూర్తిగా చేరుట దీని ఫలమే.

అయినను కూలి మాయము కాలేదు. దానిని మోయు భుజము మారినది. యంత్రాంగపు వ్యయమును బ్యాంకులు, సంస్థలు భరించుచుండగా, కొంత భాగమును ప్రజల ఖజానా ఇచ్చినది. 2024-25 సంవత్సరమునకు చిన్న వర్తకులకు చేరు 2,000 రూపాయల లోపు యూపీఐ చెల్లింపులపై నూటికి 0.15 చొప్పున ప్రోత్సాహకమీయ నిర్ణయించి, కేంద్రము 1,500 కోట్లు కేటాయించినది. నగదునకును ఖర్చు లేకపోలేదు. చిరిగిన నోటుపై తరుగు, చిల్లర బదులు చేతిలో పెట్టు చాక్లెట్టు, ఇవియు వట్టములే.

కూలి యున్నంతకాలము ఎవరో ఒకరు దానిని మోయక తప్పదు. ఆ భారమును తక్కువ శక్తిగలవాని తలపై నుండి దించినపుడెల్ల నాణెము మెరుగైనది, బజారు విస్తరించినది. రేపు మరియొక చెల్లింపు విధానము వచ్చినను, దాని మంచిచెడ్డలను తూచుటకు త్రాసు ఒక్కటే: పది రూపాయలు ఇచ్చువాని చేతినుండి పది రూపాయలే పోవుచున్నవా?