బ్రిటిషువారెవరు? మనమెవరము?

మన పెద్దలు తెల్లవారినందరిని దొరలన్నారు. కాస్త చదువుకొన్నవారు ఇంగ్లీషువారన్నారు. పాఠ్యపుస్తకములు బ్రిటిషువారన్నవి. ఈ మూడు మాటలకు భేదమున్నదని మనకు తోచలేదు. కాని ఆ దొరలలో ఇంగ్లీషువారు కానివారు పెక్కుమంది. రాయలసీమ ప్రజలు తమ బిడ్డలకు పేరు పెట్టుకొన్న మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించినాడు. మన గ్రామ కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ స్కాట్లండుకు పడమటనున్న లూయిస్ దీవివాడు. ఇక మన ప్రాంతమునకు 1895లో పెరియారు నీటిని తెచ్చిన పెన్నీక్విక్ దొర పుట్టినది పూనాలో! ఆయన జన్మదినమైన జనవరి 15న తేని జిల్లా రైతులు పొంగలి పెట్టుచున్నారే గాని, ఆయన ఏ జాతివాడని ఎవరును అడుగలేదు.

బ్రిటిషు అనునది పలు జాతులకు కప్పిన గొడుగువంటి పేరు. 1536లో వేల్సును చట్టము చేసి ఇంగ్లండులో కలుపుకొన్నారు. 1707లో ఇంగ్లండు, స్కాట్లండుల పార్లమెంటులు ఏకమై గ్రేట్ బ్రిటన్ ఏర్పడినది. 1801లో ఐర్లండు చేరినది. 1922లో అందులో అధికభాగము విడిపోయినది. రాజ్యము ఒకటైనను పాత పేర్లు పోలేదు. ఈనాటికిని స్కాట్లండువానిని ఇంగ్లీషువాడవా అని అడిగిన నొచ్చుకొనును.

ఆ దేశమున తొలి జనగణన జరిగినది కూడ 1801లోనే. ఆ ఏడే కుంఫిణీవారు కర్ణాటక నవాబుతో ఒడంబడిక చేసికొని మదురను తమ ఏలుబడిలోనికి తెచ్చుకొన్నారు. తమను లెక్కించుకొన్న పద్ధతినే తరువాత మనకును తెచ్చినారు. 1871లో మద్రాసు రాజధానిలో జనగణన జరిగినది. 1881లో మాతృభాషను అడిగినారు. తమ దేశములోని వేల్సువారిని భాష అడిగినది అటు పిమ్మట పదేండ్లకు, 1891లో!

2011లో ఇంగ్లండు, వేల్సు ప్రజలను మొదటిసారి జాతీయత అడిగినారు. కేవలము ఇంగ్లీషువారమన్నవారు 57.7 శాతము, కేవలము బ్రిటిషువారమన్నవారు 19.1 శాతము. 2021లో ఆ అంకెలు 14.9, 54.8గా తారుమారైనవి. పదేండ్లలో జాతి మారునా? ఇంగ్లండు పత్రమున రెండవసారి 'బ్రిటిషు' అను మాటను జాబితాలో మొట్టమొదట అచ్చువేయుటయే ఇందుకు ముఖ్యకారణమని గణాంక శాఖవారే తెలిపినారు. వేల్సులో మరొక విశేషము. 2021లో వేల్సుభాష వచ్చినవారు 17.8 శాతమే, అయినను 55 శాతమునకు పైగా తాము వేల్సువారము మాత్రమేయని వ్రాసికొన్నారు. భాష వదలినను వారికి పేరు నిలిచినది, ఎందుకనగా ఆ పేరుకు పత్రమున వేరే గడి ఉన్నది.

మనకు అట్టి గడి లేదు. 1371 ప్రాంతమున కుమార కంపన మదురను జయించినది మొదలు తెలుగువారు ఈ దిక్కునకు తరలివచ్చినారు. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మదుర నాయకరాజ్యమును నెలకొల్పినాడు. డెబ్బదిరెండు పాళెములు ఏర్పరచుటలో ఆయనకు కుడిభుజమైన అరియనాథ ముదలియారు తమిళుడు. ఆండిపట్టి చుట్టుపట్ల గండమనాయకనూరు, బోడినాయకనూరు అను ఊరిపేర్లలోనే ఆ కాలము నిలిచియున్నది. విజయరంగ చొక్కనాథుడు మదుర నేలుచు తెలుగు వచనమున మాహాత్మ్యములు వ్రాసినాడు. ఇంత చరిత్రయు భారత జనగణన పత్రమున ఒకే ఒక గడిలో ఇమిడినది: మాతృభాష.

ఆ గడికి ప్రభుత్వమిచ్చిన నిర్వచనము, బాల్యమున తల్లి బిడ్డతో మాటలాడిన భాష అని. చదువను వ్రాయను రావలెనని అందులో లేదు. 2011లో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు, అనగా 5.87 శాతము. ఆ లెక్కకు మా వీధికి వచ్చిన గణకుడు తమిళమున అడిగినాడు, మా అవ్వ తమిళముననే బదులు చెప్పినది. ఆమె లోపలనున్న మనుమని తెలుగున పిలిచిన పిమ్మటగాని ఆయన కలము ఆగలేదు.

2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడి 2027కు నిర్ణయింపబడినది. తెలుగని చెప్పిన తమిళమునకు ద్రోహమగునేమోయని సంకోచించువారు మనలో కలరు. 2011 పత్రమున మాతృభాష తరువాత, వచ్చిన ఇతర భాషలు రెండింటిని వ్రాసికొనుటకు వేరుగా చోటిచ్చినారు. తమిళము అక్కడ వ్రాయబడినది.