కోనసీమలో మధ్యేమార్గ అభ్యర్థి: అమలాపురం లోక్‌సభ స్థానం ఆధారంగా ఒక పరిశీలన

ఓటర్లను వారి అభిప్రాయాల క్రమంలో ఒక వరుసగా నిలబెడితే సరిగ్గా నడుమన వచ్చే వ్యక్తిని రాజనీతిశాస్త్రంలో 'మధ్యస్థ ఓటరు' అంటారు. ఇద్దరే తలపడే పోటీలో ఆ ఓటరుకు చేరువైన అభ్యర్థిదే పైచేయి అవుతుందన్న వాదానికి ఆంథొనీ డౌన్స్ 1957లో వెలువరించిన గ్రంథం విస్తృత ప్రచారం కల్పించింది. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో నగర శివార్ల ఓటు గురించి సాగే చర్చ చాలావరకు ఈ వాదం చుట్టూనే తిరుగుతుంది. భారత రాష్ట్రపతిని ఎన్నుకునేది శాసనకర్తలే గనుక, మధ్యేమార్గ అభ్యర్థికి నిజంగా పైచేయి ఉంటుందా అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబును నేరుగా ప్రజలు ఓటు వేసే లోక్‌సభ స్థానంలో వెతకవలసి ఉంటుంది. గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకూ నడుమ కొబ్బరితోటల్లో ఊరికి ఊరు ఆనుకుని, పల్లె ఎక్కడ ముగిసి పట్నం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టమైన కోనసీమ ఇందుకు అనువైన క్షేత్రం.

అమలాపురం లోక్‌సభ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయినది. 2008 నాటి పునర్విభజన తరువాత దాని పరిధిలోని అమలాపురం, రాజోలు, పి.గన్నవరం శాసనసభ స్థానాలు కూడా రిజర్వుడు స్థానాలుగానే ఉన్నాయి. ప్రధాన పోటీదారులందరూ దళితులే అయినప్పుడు, కాపులు, శెట్టిబలిజలు, అగ్నికుల క్షత్రియులు, రాజులు, తదితరుల ఓటు ఎటు మొగ్గుతుందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. అందువల్ల ఇక్కడి మధ్యేమార్గం ఆర్థిక విధానాలకు సంబంధించినది కాదు. దళితపేటకు దూరం కాకుండానే మిగిలిన ఊరికి ఆమోదయోగ్యుడు కావడమే దాని సారం. ఈ రిజర్వుడు స్థానాల ఏర్పాటుకు మూలం 1932 నాటి పూనా ఒప్పందంలో ఉంది. ఉమ్మడి నియోజకవర్గంలో గెలిచే దళిత ప్రతినిధి ఇతరుల ఓటుపై ఆధారపడక తప్పదన్న అంబేడ్కర్ అభ్యంతరాన్ని పక్కన పెట్టి ఇక్కడి మితవాదాన్ని కేవలం సుగుణంగా లెక్కించడం సరికాదు.

ఈ తరహా నాయకుడిగా ముందుగా గుర్తుకు వచ్చేది ఎదుర్లంకకు చెందిన జి.ఎం.సి. బాలయోగి. తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడిగా పనిచేసి, 1991లో తెలుగుదేశం తరఫున లోక్‌సభకు ఎన్నికైన ఆయన 1998 మార్చి 24న తొలి దళిత స్పీకర్ అయ్యారు. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వ విశ్వాసపరీక్ష వేళ, ఒడిశా ముఖ్యమంత్రి అయినా సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు చెల్లుతుందా అన్న వివాదం తలెత్తగా, స్వపక్షం ఆ ప్రభుత్వానికి మద్దతునిస్తున్నప్పటికీ బాలయోగి నిర్ణయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. ప్రభుత్వం 269–270 ఓట్లతో కూలిపోయింది. అయినా ఆయనకు అమలాపురం స్థానం ఎన్నడూ నల్లేరు మీద బండి నడక కాలేదు. తెలుగుదేశం రెండుగా చీలి బరిలోకి దిగిన 1996లో, ఆయన కాంగ్రెస్ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఎదుర్లంకను యానాంతో కలిపే వంతెన ఆయన పేరిట ఉంది.

ఆయన కుమారుడు గంటి హరీష్ మాధుర్ రెండు ఎన్నికల ఫలితాలు ఈ చర్చకు అరుదైన ఆధారాన్ని ఇస్తాయి. 2019లో ఆయన వైసీపీ అభ్యర్థి చింతా అనురాధ చేతిలో 39,966 ఓట్ల తేడాతో ఓడారు. ఆ ఎన్నికలో జనసేన అభ్యర్థికి రెండున్నర లక్షల ఓట్లు వచ్చాయి. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి నడిచిన 2024లో అదే వ్యక్తి, అదే స్థానంలో, మూడు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. అభ్యర్థి మారలేదు, ఇంటిపేరు మారలేదు. మారినది పొత్తు, దానితోపాటు రాష్ట్రమంతటా వీచిన గాలి. కనుక అభ్యర్థి మితవాదం గాలికి ఎదురీదగలదనడానికి ఈ ఫలితాలలో ఆధారం దొరకదు.

మధ్యభాగం ఎప్పుడూ నిలకడగా ఉంటుందన్న ఊహకు కూడా 2022 మే 24 నాటి అమలాపురం ఘటనలు అడ్డుతగులుతాయి. కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ సాగిన ఆందోళనలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం శాసనసభ్యుడు పొన్నాడ సతీష్ కుమార్ ఇల్లు తగలబడ్డాయి. ఒకరు దళితుడు, మరొకరు వెనుకబడిన వర్గాల నాయకుడు. అన్ని వర్గాల ఓటుతో గెలిచినవారికి ఆ ఓటే రక్షణ కాలేకపోయింది.

మితవాదానికి విలువ ఉంటే అది రాజోలు వంటి చోట్ల, వందల్లో తేలే పోటీల్లో కనిపించాలి. 2019లో రాష్ట్రం మొత్తం మీద జనసేన గెలిచిన ఏకైక స్థానం అదే. గతంలో అక్కడే కాంగ్రెస్ శాసనసభ్యుడిగా పనిచేసిన రాపాక వరప్రసాదరావు 814 ఓట్ల ఆధిక్యంతో బయటపడిన ఆ త్రిముఖ పోటీలో, పాత పరిచయాలు గెలుపు ఓటముల మధ్య నిలిచాయని భావించడానికి ఆస్కారం ఉంది. తరువాత రాపాక వైసీపీ వైపు మళ్ళి 2024లో ఆ పార్టీ లోక్‌సభ అభ్యర్థి అయ్యారు. 2019లో అదే రాజోలులో తెలుగుదేశం తరఫున ఓడిన గొల్లపల్లి సూర్యారావు సైతం వైసీపీ టికెట్టుపైనే రాజోలు బరిలో నిలిచారు. ఇద్దరూ ఓడిపోయారు.